గేటు మీది ఫొటో

ఆ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పే ఆవిడని పిల్లలూ, తోటి లెక్చరర్లూ అందరూ వార్తల మేడమ్ అనే పిలుస్తారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి వార్షికోత్సవం నాడు మైకు పట్టుకోవాల్సిన లెక్చరరుకి గొంతు బొంగురు పోయింది. ఎవరో ఈవిడని ముందుకు తోశారు. ఈవిడ ఎక్కడా తడబడకుండా మాట్లాడింది. అంతే, ఆనాటి నుంచి ఆ మైకు ఆవిడ మెడకి చుట్టుకుంది. పొద్దున్నే వరండా స్పీకర్లలో ప్రకటనలు చదవడం, నోటీసు బోర్డుకి వార్తలు రాయడం, వెబ్‌సైటులో ఫొటోల కింద నాలుగు ముక్కలు పెట్టించడం, పెద్దమనుషులు ఎవరైనా వస్తే స్వాగతం పలకడం, అన్నీ ఆవిడ నెత్తినే పడ్డాయి. దానికోసం పాఠాలేమైనా తగ్గించారా అంటే, అదీ లేదు.

చిన్న కాలేజీ. అందులో వార్తలంటే మాత్రం ఏముంటాయి? నీళ్ల ట్యాంకు కడుగుతున్నారు, మధ్యాహ్నం దాకా కుళాయిలు రావు. వర్క్‌షాపులోకి కొత్త లేత్ మిషను వచ్చింది, ఎవరూ చేతులు పెట్టొద్దు. లైబ్రరీలో ఎవరిదో గొడుగు దొరికింది, ఆనవాళ్లు చెప్పి తీసుకెళ్లండి. ఇలాంటివే. అయినా ఆవిడ చదివితే గొడుగు వార్త కూడా వినాలనిపించేది. ఆ గొంతు అలాంటిది. పైకి చెప్పుకోకపోయినా, ఆవిడకీ ఆ పని ఇష్టమే.

ఆ ఏడాది చెప్పుకోదగ్గ వార్త ఒకటి వచ్చింది. ఎప్పుడూ ఆ గడప తొక్కని పెద్ద కంపెనీ ఒకటి వచ్చి, పరీక్షలు పెట్టి, ఆఖరి సంవత్సరం పిల్లల్లో ఒకే ఒక్కరిని ఎంచుకుంది. ఆ ఒక్కరూ వార్తల మేడమ్ సొంత క్లాసు పిల్ల. ఎంత తెలివైందో అంత నెమ్మదస్తురాలు. నోట్లోంచి మాట బయటికి రాదని తోటిపిల్లలు ఆ పిల్లకి సైలెన్సర్ అని పేరు పెట్టారు. కబురు తెలియగానే వార్తల మేడమ్ చెప్పుల చప్పుడు లెక్కచేయకుండా మైకు గదికి పరుగు తీసింది. "మన కాలేజీ చరిత్రలోనే మొదటిసారి" అని మొదలుపెట్టి, ఊపిరి తిప్పుకోకుండా చదివేసింది. వెబ్‌సైటుకి రాసిచ్చిన వార్తలో పొగడ్తలన్నీ ఆవిడ సొంతవే. ఎవరూ రాయమనలేదు.

అది చూసి ఛైర్మన్‌గారికి ఉత్సాహం వచ్చింది. గేటు మీద నిలువెత్తు ఫ్లెక్సీ కట్టించారు. హాల్ టికెట్టుకోసం దిగిన ఫొటోనే పెద్దది చేశారు. ఆ పిల్ల కళ్లు బెదిరినట్టుగా, ఇప్పుడే ఎవరో గట్టిగా పేరు పెట్టి పిలిచినట్టుగా ఉన్నాయి. పైన కంపెనీ పేరు వేసి ఎంపికైంది అని రాయించారు. కింద లావుపాటి అక్షరాలు: "మా దగ్గర చేరండి. రేపు ఈ చోట మీ బిడ్డ."

ఆ మర్నాడే వాళ్లమ్మ వచ్చింది. ఆవిడ ఆస్పత్రిలో వార్డు నర్సు. భర్త పోయాక పిల్లని ఒంటిచేత్తో పెంచింది. డ్యూటీ దిగి, తెల్ల యూనిఫామ్ మీదే నేరుగా వచ్చి, గేటు దగ్గర సంచీ పట్టుకుని అలా పైకి చూస్తూ నిలబడిపోయింది. "ఎవరు కావాలమ్మా?" అని వాచ్‌మన్ అడిగితే, "ఎవరూ వద్దు బాబూ. నేను దాని అమ్మని" అంది. తర్వాత స్టాఫ్‌రూముకి వెతుక్కుంటూ వచ్చి వార్తల మేడమ్ రెండు చేతులూ పట్టుకుంది. స్పిరిట్ వాసన వేసే ఆ చేతులు వదలనే లేదు.

"మీరు రాసింది మా వార్డులో అందరికీ చదివి వినిపించాను మేడమ్‌గారూ. డాక్టరుగారు కూడా విన్నారు."

ఎండలు ముదిరే వేళకి సంగతి తిరగబడింది. ఆ కంపెనీకి ఏం దెబ్బ తగిలిందో ఏమో, ఉన్నవాళ్లనే తీసేస్తున్నామని, కొత్తవాళ్లెవరినీ చేర్చుకోవడం లేదని మెయిల్ పంపింది. మధ్యాహ్నం అందరూ భోజనాలకి పోయాక సైలెన్సర్ ల్యాబుకి వచ్చింది. వార్తల మేడమ్ సోల్డరింగ్ ఐరన్లు లెక్కచూసి బీరువాలో పెడుతోంది. ఆ పిల్ల ఫోను తెరిచి చూపించింది. ఏడవలేదు.

"మేడమ్, నా ఫొటో తీయించెయ్యండి."

మొదట అన్న మాట అదే. ఉద్యోగం గురించి కాదు.

"అమ్మకి చెప్పావా?"

"లేదు మేడమ్. ఫొటో తీసేశాక చెప్తాను. అది అక్కడ వేలాడుతుండగా ఎలా చెప్పను? అమ్మ బస్సు రోజూ గేటు ముందునుంచే పోతుంది."

"సరే, నేను చూస్తాను" అంది వార్తల మేడమ్. అదెంత పని అనుకుంది కూడా. పెట్టించింది మనమే, తీయించేదీ మనమే కదా.

ప్రిన్సిపాల్‌గారు చెడ్డ మనిషి కాదు. మాత్రలడబ్బా పక్కన పెట్టుకుని, బీపీతోనే సంసారం చేస్తున్నట్టుండే మనిషి. ఆవిడ నోరు విప్పగానే చెయ్యెత్తి ఆపారు.

"తెలుసమ్మా. ఆ మెయిల్ నాకూ వచ్చింది."

"మరి గేటు మీది ఫొటో తీయించండి సార్."

"ఛైర్మన్‌గారు అడ్మిషన్లు అయ్యేదాకా దాన్ని కదిలించొద్దన్నారు."

"అబద్ధం కదా సార్ అది."

"అబద్ధమెలా అవుతుంది? ఎంపికైంది అని రాశాం. ఎంపికవ్వలేదా? చేరింది అని ఎక్కడైనా రాశామా?" అని, ఆ మాట తనకే చేదుగా తగిలినట్టు గ్లాసెడు నీళ్లు తాగారు. "బైపాసు రోడ్డు మీది కాలేజీ ఎలా మూతపడిందో చూశారుగా. అక్కడి లెక్చరర్లు ఇప్పుడేం చేస్తున్నారో కూడా మీకు తెలుసు. ఒకాయన నిన్న కూడా ఫోన్ చేశాడు, ఏదైనా ఖాళీ ఉందా సార్ అని. నన్నేం చెయ్యమంటారు?"

వార్తల మేడమ్ తలుపు తీసుకుని బయటికి వచ్చేసింది.

ఇంట్లో భర్తతో చెప్పుకుంది. ఆయన మందుల కంపెనీలో లెక్కలు చూస్తారు. ఓపిగ్గా విని, "నువ్వు చేసేది నువ్వు చేశావు. అడిగావు, కాదన్నారు" అన్నారు.

"మానేద్దామనిపిస్తోందండీ."

"మానెయ్. నేను వద్దనను. కానీ నువ్వు మానేస్తే ఆ ఫొటో దిగుతుందా?"

దిగదు. అది ఆవిడకీ తెలుసు. మర్నాడు పొద్దున మళ్లీ మైకు ముందు నిలబడింది.

పరీక్షలయ్యాయి. ఆఖరి సంవత్సరం పిల్లలు వెళ్లిపోయారు. ఎండకి ఫ్లెక్సీలో రంగులు వెలిసి, ఆ పిల్ల మొహం పాలిపోయింది. అలాంటప్పుడు ప్రిన్సిపాల్‌గారు పిలిచి, కొత్త అడ్మిషన్లకోసం తల్లిదండ్రుల సమావేశం పెడుతున్నామని, మైకు ఆవిడే చూసుకోవాలని చెప్పారు. ఆవిడ లేచి గుమ్మం దాకా వెళ్లాక, ఆయన మెల్లిగా అన్నారు.

"ఆ అమ్మాయినీ, వాళ్లమ్మనీ స్టేజి మీద కూర్చోబెట్టమన్నారమ్మా ఛైర్మన్‌గారు."

"ఆ పిల్ల రాదు సార్."

"వాళ్లమ్మకి ఆఫీసునుంచి ఫోన్ చేయించాను. వస్తానంది. డ్యూటీ కూడా మార్చుకుందిట."

అన్నీ అయిపోయాక చెప్పడం ఆయనకి అలవాటు. వార్తల మేడమ్ మెట్లు దిగుతూనే సైలెన్సర్‌కి ఫోన్ చేసింది.

"ఏదో ఒకటి చెప్పి మానెయ్యమ్మా. జ్వరమని చెప్పు."

"అమ్మ నర్సు కదా మేడమ్. చెయ్యి పెట్టి చూస్తుంది."

ఇంకెప్పుడైనా అయితే ఇద్దరూ నవ్వుకునేవాళ్లు.

"అయితే అసలు సంగతి ముందే చెప్పెయ్. ఇవాళే చెప్పు."

"చెప్తాను మేడమ్. రోజూ చెప్దామనే కూర్చుంటాను. ఈలోపు అమ్మ ఏదో ఒకటి మొదలుపెడుతుంది. నిన్న నాకు ఆఫీసుకి వేసుకోడానికని బట్టలు తెచ్చింది. కొలత సరిపోయిందా లేదా అని అద్దం ముందు నిలబెట్టి అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. అప్పుడేం చెప్పను?"

సమావేశం నాడు సెమినార్ హాలు నిండిపోయింది. ప్లాస్టిక్ కుర్చీలు చాలక వెనక జనం గోడలకి ఆనుకుని నిలబడ్డారు. ఫ్యాన్లు తిరుగుతున్నా చెమటలు కారుతున్నాయి. నర్సమ్మ గంజి పెట్టిన చీర కట్టుకుని, స్టేజి మీద కుర్చీ అంచున నిటారుగా కూర్చుంది. పక్కనే కూతురు, ఆ కొత్త బట్టల్లో. వార్తల మేడమ్ కళ్లతోనే అడిగింది, చెప్పావా అని. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది, ఊపీ ఊపనట్టు.

నర్సమ్మని మాట్లాడమన్నారు. ఆవిడ మైకుకి బాగా దగ్గరగా వచ్చేసరికి అది కీచుమంది. వార్తల మేడమ్ దాన్ని కాస్త వెనక్కి జరిపింది.

"నాకు మాట్లాడ్డం రాదండీ" అంది నర్సమ్మ. "రాత్రి డ్యూటీకి పోతూ పిల్లని పక్కింటివాళ్ల దగ్గర పడుకోబెట్టేదాన్ని. పొద్దున్న వచ్చేసరికి అదే లేచి, జడలు వేసుకుని, తాళం వేసుకుని బడికి పోయేది. నేను దానికి ఏదీ దగ్గరుండి చెయ్యలేదు. ఇక్కడి సార్లూ మేడమ్‌లూ చేశారు. అంతే అండీ."

చప్పట్లు మోగాయి. ముందు వరసలో ఛైర్మన్‌గారు తల తిప్పి జనాన్ని చూసుకుని తృప్తిపడ్డారు.

"ఎవరైనా ఏదైనా అడగాలంటే అడగండి" అంది వార్తల మేడమ్. అలా అనాలని కార్యక్రమంలో ఉంది.

రెండో వరసలో ఒకాయన లేచాడు. పక్కన ఆయన కూతురు, చెయ్యి పట్టి కూర్చోమని లాగుతోంది. ఆయన మర్యాదగానే అడిగాడు.

"మీ అమ్మాయి ఎప్పుడు చేరిందమ్మా? సెలవు పెట్టి వచ్చిందా?"

"ఇంకా పిలవలేదండీ. పిలుస్తారు" అంది నర్సమ్మ, కూతురి వైపు తిరిగి. "ఏమ్మా, ఎప్పుడన్నారు?"

"ఏం లేదమ్మా, మా బావమరిది ఆ కంపెనీకే కార్లు తిప్పుతాడు" అన్నాడాయన. "వాళ్లు ఉన్నవాళ్లనే పంపించేస్తున్నారని చెప్పాడు. అందుకని అడిగాను. తప్పుగా అనుకోకండి."

హాల్లో అందరూ స్టేజి వైపు చూశారు. సైలెన్సర్ లేచి నిలబడింది. ఒక అడుగు మైకు వైపు వేసింది. వార్తల మేడమ్ ఆ పిల్లని నాలుగేళ్లుగా చూస్తోంది. క్లాసులో జవాబు తెలిసి కూడా పైకి చెప్పడానికి ఆ గొంతులో ఎలా గుటక పడుతుందో ఆవిడకి బాగా తెలుసు. ఇప్పుడు అదే గుటక. చెప్పేస్తుంది. అంతమందిలో, తల్లి పక్కనుండగా చెప్పేస్తుంది. ప్రిన్సిపాల్‌గారు దగ్గారు. ఛైర్మన్‌గారు కాలు మీద వేసుకున్న కాలు దించారు. మైకు వార్తల మేడమ్ చేతిలోనే ఉంది.

"చేరే తేదీ త్వరలోనే వస్తుందండీ" అంది ఆవిడ. "పెద్ద కంపెనీల్లో కాస్త ఆలస్యం మామూలే. ఎవరూ కంగారు పడక్కర్లేదు."

గొంతు ఎక్కడా వణకలేదు. రోజూ పొద్దున వరండాల్లో వినిపించే గొంతే. అడిగినాయన "అదీ సంగతి, మంచిదమ్మా" అని కూర్చున్నాడు. నర్సమ్మ మొహంలో బిగువు సడలింది. సైలెన్సర్ వేసిన అడుగు వెనక్కి తీసుకుని కుర్చీలో కూర్చుంది.

అంతా అయ్యాక వరండా చివర, మంచినీళ్ల ఫిల్టర్ దగ్గర, ఆ పిల్ల ఎదురుపడింది.

"నేను చెప్పబోయాను మేడమ్."

"చూశాను."

"ఇన్నాళ్లకి గొంతు దాకా వచ్చింది."

"అంతమందిలో నీ పరువు..." అని మొదలుపెట్టి వార్తల మేడమ్ ఆగిపోయింది. ఆ పిల్ల పరువుకోసమే అన్నదా, ముందు వరసలో కూర్చున్న మనిషికి జడిసి అన్నదా? ఆవిడకే తెలియలేదు. ఆలోచించి అన్న మాటైతే కాదు. నోట్లోంచి వచ్చేసింది.

"ఇప్పుడు అమ్మ మీ మాట నమ్మింది" అంది సైలెన్సర్. "ఇంక నేను చెప్తే నమ్మదు."

"పద. నేనే చెప్తాను."

నర్సమ్మ స్టాఫ్‌రూములో టీ తాగుతోంది. వార్తల మేడమ్ తలుపు దగ్గరకి వేసి, ఎదురుగా కుర్చీ లాక్కుని, నాన్చకుండా చెప్పేసింది. నర్సమ్మ ముందు నవ్వింది.

"అదేంటి మేడమ్‌గారూ, ఇప్పుడేగా మైకులో చెప్పారు."

"మైకులో అబద్ధం చెప్పానండీ."

నర్సమ్మ ఆవిడ మొహం చూసింది, కూతురి మొహం చూసింది. కప్పు బల్ల మీద పెట్టింది.

"ఎప్పట్నుంచే?"

కూతురు చెప్పింది. పరీక్షలకి ముందునుంచి అని. నర్సమ్మ కేకలు వేస్తుందేమో, ఏడుస్తుందేమో అని వార్తల మేడమ్ మనసు గట్టిచేసుకుని కూర్చుంది. ఆవిడ ఆ రెండూ చెయ్యలేదు.

"రోజూ బస్సులోంచి ఆ ఫొటోకి చెయ్యి ఊపుతున్నానే" అంది కూతురితో. "కండక్టరు కూడా నవ్వుతాడు. ఒక్కసారైనా చెప్పొద్దూ?"

సంచీ తీసుకుని లేచింది. నేరుగా గేటు దగ్గరికి నడిచింది. కూతురు వెనకాల, వార్తల మేడమ్ ఆ వెనకాల.

"నిచ్చెన ఉందా బాబూ?" అని వాచ్‌మన్‌ని అడిగింది.

"ఎందుకమ్మా?"

"అది మా అమ్మాయి ఫొటో. విప్పి పట్టుకుపోతాం."

వాచ్‌మన్ బిక్కమొహం వేసి వార్తల మేడమ్ వైపు చూశాడు. "ఆర్డరుండాలి కదమ్మా. నేను విప్పితే రేపు నన్ను విప్పేస్తారు."

"ఒక్క నిమిషం ఉండండి" అని వార్తల మేడమ్ మళ్లీ లోపలికి పరుగెత్తింది. ప్రిన్సిపాల్ గది కిటకిటలాడుతోంది. పిల్లల్ని వెంటబెట్టుకుని తల్లిదండ్రులు నిలబడ్డారు. ఆవిడ వాళ్లని తోసుకుని వెళ్లి చెవిలో చెప్పింది. ఆయన పెదవులు కదపకుండా, "ఇవాళ కాదమ్మా. ఇవాళ మాత్రం కాదు. మీకు దణ్ణం పెడతాను" అన్నారు. నిజంగానే పెట్టేలా ఉన్నారు.

బయటికి వచ్చేసరికి నర్సమ్మ గేటు పక్క దిమ్మ మీదకి ఎక్కి చెయ్యి చాస్తోంది. ఫ్లెక్సీ కింది తాడు కూడా అందడం లేదు. కొత్తగా వచ్చే జనం ఆగి, ఫొటోనీ పక్కనున్న పిల్లనీ మార్చి మార్చి చూస్తున్నారు. "నువ్వేనా అమ్మా? చాలా సంతోషం" అని ఒకావిడ సైలెన్సర్ భుజం తట్టింది. ఆ పిల్ల అలవాటుకొద్దీ నవ్వింది. వార్తల మేడమ్‌ని చూడగానే నర్సమ్మకి అర్థమైపోయింది. మెల్లిగా దిమ్మ దిగి, చీర దులుపుకుని, కూతురి చెయ్యి పట్టుకుని బస్‌స్టాపు వైపు నడిచింది.

అడ్మిషన్లు ముగిశాక ఫ్లెక్సీ దించారు. జనరేటరు మీద వాన పడకుండా కప్పడానికి పనికొచ్చింది. వెబ్‌సైటులో వార్త మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ వెబ్‌సైటు తయారుచేసిన కుర్రాడు ఉద్యోగం మానేసి పోయాడు. పాస్‌వర్డు ఛైర్మన్‌గారి అల్లుడి దగ్గరుందన్నారు. అల్లుడేమో తన దగ్గర లేదన్నాడు. వార్తల మేడమ్ అడిగీ అడిగీ అలిసిపోయింది.

చలి మొదలయ్యాక ఒకరోజు సైలెన్సర్ వచ్చింది. ఎక్కడ ఇంటర్వ్యూకి పోయినా నెట్‌లో పేరు కొట్టి చూస్తున్నారట. ఆ వార్తే ముందు వస్తోందట. అంత పెద్ద కంపెనీ ఉద్యోగం ఎందుకు పోయింది, నిన్నెందుకు తీసేశారు అని అడుగుతున్నారట. చేరనే లేదంటే, మరి మీ కాలేజీయే రాసిందిగా అంటున్నారట.

"నేనసలు చేరలేదని కాలేజీనుంచి ఒక్క ముక్క రాసిస్తే చాలు మేడమ్."

ప్రిన్సిపాల్‌గారు తల పట్టుకున్నారు. "కాలేజీ తన వార్త తప్పని తనే రాసిస్తుందా అమ్మా? రేపు ఎవరైనా పట్టుకుని కోర్టుకెక్కితే?"

చివరికి వార్తల మేడమ్ ల్యాబులో కూర్చుని, తెల్లకాగితం మీద తనే రాసింది. ఆ వార్త రాసింది నేనే, ఆ తర్వాత కంపెనీ అవకాశాన్ని రద్దు చేసుకుంది, ఇందులో అమ్మాయి తప్పేమీ లేదు అని. కింద సంతకం పెట్టి, ఫోన్ నంబరు వేసింది. ఈసారి ఒక్క పొగడ్త కూడా రాయలేదు. సైలెన్సర్ అది రెండుసార్లు చదివింది.

"స్టాంపు లేదుగా మేడమ్" అంది. నిష్ఠూరంగా కాదు, ఉన్న మాట అన్నట్టుగా. అని మళ్లీ తనే, "ఉండనివ్వండి. ఎక్కడైనా పనికొస్తుందేమో" అని జాగ్రత్తగా ఫైలులో పెట్టుకుంది.

"అమ్మ ఎలా ఉంది?"

"బానే ఉంది మేడమ్."

"నా మీద కోపంగా ఉందా?"

ఆ పిల్ల ఫైలు మూసి సంచీలో పెట్టుకుంది. "కోపం కాదు మేడమ్. ఆ రోజు మీరు మైకులో చెప్పినప్పుడు అచ్చం నిజంలాగే వినిపించిందట. అది తల్చుకుంటే భయమేస్తుందంటుంది."

ఆ కాగితం ఎక్కడా పనికొచ్చినట్టు లేదు. ఎవరూ ఆ నంబరుకి ఫోన్ చెయ్యలేదు. వానాకాలం వచ్చేసరికి సైలెన్సర్ తల్లి పనిచేసే ఆస్పత్రిలోనే, రోగుల పేర్లు ఎక్కించే కౌంటరులో కూర్చుంటోందని తోటిపిల్లల ద్వారా తెలిసింది. అద్దం అవతలినుంచి గట్టిగా మాట్లాడాల్సిన పని. మొదట్లో ఆ పిల్ల మాట ఎవరికీ వినిపించక జనం విసుక్కునేవారట. ఇప్పుడు అలవాటైందట.

వార్తల మేడమ్ ప్రిన్సిపాల్‌గారి దగ్గరికి వెళ్లి, ఈ ప్రకటనల పని ఇంకెవరికైనా అప్పగించమని అడిగింది. ఆయన ఎందుకని అడగలేదు. "చూద్దామమ్మా" అన్నారు. ఆ తర్వాత రెండుసార్లు గుర్తు చేసింది. రెండుసార్లూ "చూద్దాం" అన్నారు. ఆ పని చెయ్యడానికి ఇంకెవరూ ముందుకు రాలేదు. పొద్దున్నే గంట కొట్టగానే పిల్లలు వరండాల్లో ఆగి, స్పీకర్ల వైపు తలెత్తి నిలబడతారు. ఆవిడ వెళ్లి మైకు స్విచ్ వేస్తుంది.